దీనమ్మగారి చీరకోట్లు

షార్జాలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి శుక్రవారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా హాలు ఇస్తారు. మాకు ముందు మలయాళీలు, మా వెనక ఫిలిప్పీన్స్ వాళ్ళు. మలయాళీల చివరి పాట ఇంకా గోడల్ని విడవకముందే మేము లోపలికి వెళతాం. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు, సోనాపూర్ కూలీల క్యాంపుల నుంచి రెండు బస్సులు మారి వచ్చే మగవాళ్ళు, ఆఫీసు ఉద్యోగాల కుటుంబాలు, అమ్మాయి ఇంట్లోనో అబ్బాయి ఇంట్లోనో ఉంటున్న నాలాంటి ముసలివాళ్ళు, అందరమూ ఆ రెండు గంటలకోసం వారమంతా ఎదురుచూస్తాం. కరోనా తరవాత హాలు మళ్ళీ తెరిచిన కొత్త రోజులవి. కుర్చీకీ కుర్చీకీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. అందరి ముఖాలకూ మాస్కులు. కళ్ళని బట్టి మనుషుల్ని పోల్చుకోవాలి. పాట కూడా ముసుగు వెనకనుంచి, ఎక్కడో దూరపు గదిలోంచి వస్తున్నట్టు వినిపించేది.

ఆ శుక్రవారం సాక్ష్యాల సమయంలో పాస్టరుగారు, "కరుణమ్మగారూ, రెండు మాటలు చెప్పండమ్మా" అన్నారు. నన్ను చెప్పమంటే నేను చెప్పేది ఒకటే సాక్ష్యం. విశాఖపట్నంలో పదహారేళ్ళ వయసులో నేను దీనమ్మగారి దగ్గర కుట్టుపని నేర్చుకున్నాననీ, ఆవిడ ఆడవాళ్ళ కోట్లు తయారుచేయడంలో పేరుపొందినవారనీ, ఇంగ్లండు వెళ్ళబోతున్న ఒక డాక్టరమ్మ కోటును అక్కడ పనిచేసే ఒక పిల్ల తప్పు కోసి పాడుచేసిందనీ, అయితే దేవుడు ఆ తప్పులోంచే ఒక కొత్త కోటును పుట్టించాడనీ, ఆ కోటుతోనే దీనమ్మగారి పేరు ఊళ్ళు దాటిందనీ. బైబిల్లో అన్నలు గోతిలో పడేసిన తమ్ముడు చివరికి వాళ్ళకే అన్నం పెట్టిన కథతో ముగిస్తాను. ఆ తమ్ముడు అన్నట్టే, కీడు అనుకున్నది మేలు అయింది అంటాను. అందరూ ఆమెన్ అంటారు. నలభై ఏళ్ళుగా ఎన్ని సంఘాల్లో చెప్పానో. ఆ రోజూ చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు.

కూటం అయ్యాక చేతికర్ర ఊతంతో ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. సన్నటి మనిషి. తెల్లచీర.

"వందనాలు కరుణా."

"వందనాలమ్మా. మీరు...?"

ఆవిడ మాస్కు కిందికి లాగి నవ్వింది. "ఏటే, నన్ను పోల్చుకోలేదా? ఆ తప్పు కోసిన పిల్లని నేనేనే. రాహేలుని."

ఆవిడే అందుకుంది. "మా మనవడు ప్రకాష్ ఖోర్ ఫక్కాన్ ఓడరేవులో చేస్తున్నాడు. రెండు నెలల వీసా మీద తీసుకొచ్చాడు. ఇక్కడ తెలుగు సంఘం ఉందంటే వచ్చాను. నువ్వు లేచి నిలబడి దీనమ్మగారు అనేసరికి నా గుండె ఆగినంత పనయింది. పేరు చెప్పకుండా నన్ను కాపాడావు. అంతే చాలు తల్లీ."

ఆమె నా చెయ్యి పట్టుకుని అలా కృతజ్ఞత చెబుతుంటే నేను ఆమె కళ్ళలోకి చూడలేకపోయాను. ఎందుకంటే ఆ కోటు రాహేలక్క పాడుచేయలేదు. నేను పాడుచేశాను. ఆ సంగతి దేవుడికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదని అరవై ఏళ్ళు అనుకున్నాను. ఆ రోజు ఆమె మాటలు విన్నాక, ఆమె ఇప్పటికీ అది తన తప్పే అనుకుంటోందని అర్థమైంది. ఆమె వీసా ఇంకా మూడు వారాలుంది. ఆ మూడు వారాల్లో చెప్పాలి, లేదా ఇక ఎప్పటికీ చెప్పలేను.

ఆ రాత్రి నుంచి నాకు దీనమ్మగారి ఇల్లు తిరిగి వచ్చింది. కళ్ళు మూసుకుంటే చాలు, ముందు వాసన వచ్చేది. తడిసిన ఉన్నిగుడ్డ వాసన. విశాఖపట్నం పాత పోస్టాఫీసు దగ్గర, సముద్రానికి వీపు పెట్టి నిలబడిన పెంకుటిల్లు అది. ఉన్నిగుడ్డను కోసేముందు నీళ్ళలో తడిపి నీడలో ఆరబెట్టాలి. లేకపోతే తరవాత కుంచించుకుపోతుంది. వరండాలో తాళ్ళమీద నల్లనివి, ముదురు నీలివి, బూడిదరంగువి వేలాడుతూ ఉండేవి. గాలి వచ్చినప్పుడు అవి బరువుగా, ఆలోచించుకుంటూ కదిలేవి. ఆ వాసనలో బొగ్గుల ఇస్త్రీపెట్టె పొగ కలిసేది. పురుగు పట్టకుండా గుడ్డల మధ్య పెట్టిన వేపాకు చేదు కలిసేది. చెమటలు కారే ఊళ్ళో, ఎండాకాలం నడిమధ్యన, నలుగురాడపిల్లలం చలిదేశాల బట్టలు కుట్టేవాళ్ళం. మాలో ఎవరమూ మంచు చూసినవాళ్ళం కాదు. మంచు ఎలా ఉంటుందని నేనొకసారి అడిగితే దీనమ్మగారు, "వాక్యంలో ఉన్నంత తెల్లగా ఉంటుంది. ఇంకెందుకు నీకు? కాజాలు చూసుకో" అన్నారు.

ఆవిడ అనాథ. మిషను బాలికల హాస్టల్లో పెరిగారు. అక్కడి ఒక దొరసాని దగ్గర కాగితం మీద నమూనా గీసి గుడ్డ కోయడం నేర్చుకున్నారు. మొదట దొరసానుల పిల్లలకి గౌన్లు, తరవాత రైల్వే దొరల భార్యలకి స్కర్టు మీద వేసుకునే బిగుతు కోట్లు. ఆ రోజుల్లో ఆడవాళ్ళ కోటు కుట్టడమంటే మగ దర్జీల పని. ఒక ఆడమనిషి, అందులోనూ తెలుగు మనిషి, నడుము దగ్గర నొక్కు పడేలా, కాలరు మెడకి అంటకుండా నిలబడేలా కోటు కోయగలదని నమ్మడానికి వాళ్ళకి కొన్నేళ్ళు పట్టిందట. నమ్మాక ఆవిడ గుమ్మం ముందు రిక్షాలు ఆగడం మొదలైంది. అంతలో దొరలు వెళ్ళిపోయారు. స్కర్టులు కూడా వాళ్ళతోనే ఓడ ఎక్కాయి. ఒక ఏడాది పాటు ఆవిడ దిండుగలేబులు కుట్టి బతికారని మా అమ్మ చెప్పేది.

ఆ తరవాతి సంగతి ఆవిడే మాకు చెప్పేవారు, ప్రతి కొత్త పిల్లకీ ఒకసారి. ఢిల్లీ వెళ్ళే రైలు కోసం నిలబడిన ఒక నర్సమ్మను స్టేషన్లో చూశారట. చక్కటి తెల్లచీర, దాని మీద ఆమె అన్నదో తండ్రిదో మగవాళ్ళ కోటు. భుజాలు మోచేతుల దాకా జారిపోయి, పమిట ఒకచోట ముడతపడి మూటలా లేచి, ఆమె నాలుగడుగులకొకసారి దాన్ని లాగి సర్దుకుంటోంది. "చూస్తే ఏడుపొచ్చింది నాకు," అనేవారు దీనమ్మగారు. "చదువుకుంది, నలుగురికి సేవచేస్తుంది, దేశం దాటిపోతుంది. ఒంటిమీదకి మాత్రం ఒకరి కోటు. ఆ రైలు కదిలేలోపే నాకు కోటు కనబడింది." చీర మీద వేసుకునే కోటు. చీరని తెలిసినవాళ్ళు కోసిన కోటు. కుచ్చిళ్ళు విచ్చుకోడానికి కిందివైపు వెడల్పుగా ఘేరా, పమిట లోపల నలగకుండా భుజం, మోకాళ్ళ కింద జానెడు పొడవు. లోపల మెడ దగ్గర ఎర్రదారంతో 'దీనా' అని కుట్టేవాళ్ళం. ఆ రెండక్షరాలు కుట్టే పని నాకిచ్చిన రోజు మా అమ్మ ఉపవాసముండి స్తోత్రం చెల్లించింది.

ఇంట్లో పని ప్రార్థనతో మొదలయ్యేది. తెల్లారగానే ఆవిడ ఒక అధ్యాయం చదివించేవారు, చదివిన పిల్లని అందులోంచి ఒక ప్రశ్న అడిగేవారు. ప్రత్యక్షగుడారం తెరలకి ఎన్ని కొలుకులు, యాజకుడి అంగీ అంచున ఏమేం వేలాడదీశారు, ఇలాంటివి. లేఖనంలో బట్టలున్న చోటల్లా ఆవిడకి కంఠతా వచ్చు. యొప్పే పట్టణంలో ఒక శిష్యురాలు చనిపోతే విధవరాండ్రు ఆమె కుట్టిన అంగీలు చూపించి ఏడ్చారనే భాగం వచ్చినప్పుడు ఆవిడ గొంతు మెత్తబడేది. ఆ తరవాత గంజి, గంజిలోకి ఊరమిరపకాయ. తిన్న చేతులు సబ్బుతో కడుక్కుని, వాసన చూపించి, అప్పుడు గుడ్డ ముట్టుకోవాలి.

పనిలో ఆవిడ నియమం ఒకటి ఉండేది. నమూనా ఆవిడ ఖాకీ కాగితం మీద గీస్తారు. దాన్ని గుడ్డ మీద పరిచి ఒకరు సుద్దతో గీస్తారు. ఇంకొకరు కోస్తారు. గీసినవాళ్ళు కోయకూడదు. ఒకరి కన్ను తప్పినా ఇంకొకరి కన్ను పట్టుకుంటుందని ఆవిడ ఉద్దేశం. కానీ చీరకోట్లకి మాత్రం ఆవిడే గుడ్డ మీద గీసేవారు. మమ్మల్ని ఆ బల్ల దగ్గరికి రానిచ్చేవారు కాదు. కోయడానికి మాత్రం రాహేలక్కని పిలిచేవారు. నాకన్న రెండేళ్ళు పెద్ద. చదువు అయిదో తరగతితో ఆగింది. కత్తెర పడితే మాత్రం ఆమె ఊపిరి బిగబట్టేది, కోత అయిపోయాకే వదిలేది. దీనమ్మగారు ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. రాహేలక్క కోసిన అంచుమీద వేలు నడిపించి ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు. అదే మెప్పు.

డాక్టరమ్మ కోటు వచ్చిన వారం దీనమ్మగారి కుడి బొటనవేలికి గోరుచుట్టు లేచింది. డాక్టరమ్మ పైచదువుకి వెళుతున్నారు, ఓడ పదిరోజుల్లో ఉంది. బొంబాయి నుంచి తెప్పించుకున్న ముదురునీలం ఉన్నిగుడ్డ, ఒక కోటుకి సరిపడా మాత్రమే. దీనమ్మగారు పళ్ళ బిగువున కాగితం మీద నమూనా గీశారు. సుద్ద పట్టుకోడానికి మాత్రం ఇక చేతకాలేదు. "కరుణా, నువ్వు గియ్యి," అన్నారు. "కాగితం ఎలా ఉంటే అలా. నీ తెలివి వాడకు."

నేను లెక్కల్లో బడికంతటికీ మొదటిదాన్ని. కాగితం పరిచి చూస్తే ఎడమ భుజం కుడిభుజం కన్నా అరంగుళం ఎత్తుగా ఉంది. స్కేలు పెట్టి చూశాను. అరంగుళమే. పాపం, వేలి నొప్పితో చెయ్యి తడబడింది అనుకున్నాను. చెబితే చిన్నబుచ్చుకుంటారు. నేనే సరిచేసేస్తే ఆవిడకి తెలియకుండా ఆవిడ పరువు నిలబడుతుంది. ప్రేమతోనే చేశాననుకున్నాను. అందులో కొంచెం గర్వం కూడా ఉందని ఇప్పుడు రాస్తుంటే ఒప్పుకోక తప్పదు. ఎడమ భుజం అరంగుళం దించి రెండూ సమానంగా గీశాను. రాహేలక్క వచ్చి, ఎప్పటిలాగే గీత తప్ప ఇంకేమీ చూడకుండా, ఊపిరి బిగబట్టి గీతమీద కోసింది.

చీర కట్టే ఏ ఆడదానికైనా పమిట ఎడమ భుజం మీదే ఉంటుంది. మడతలు మడతలుగా, ఒక వేలు మందాన. ఆ అరంగుళం దానికోసం. దీనమ్మగారి రహస్యమంతా ఆ అరంగుళమే. నేను రోజూ పమిట వేసుకుంటూ కూడా ఆలోచించలేదు.

ట్రయల్ వేసిన రోజు అద్దం ముందు డాక్టరమ్మ నిలబడ్డారు. కుడిపక్క బొమ్మలా అమరింది. ఎడమపక్క కోటు అంతా భుజం మీదికి ఎగబాకింది. కాలరు చెవిదాకా లేచింది. ఆవిడ నవ్వేసి, "దీనమ్మగారూ, ఒకపక్క పెళ్ళికూతుర్నీ ఒకపక్క గూనిదాన్నీ చేశారేంటండీ" అన్నారు. దీనమ్మగారు నవ్వలేదు. ఆవిడ వెళ్ళాక కాగితం తెచ్చి కోసిన ముక్క పక్కన పెట్టారు. కాగితం సరిగ్గా ఉంది. గుడ్డ తప్పు.

"ఎవరు కోశారు?"

"నేనండి," అంది రాహేలక్క.

"గీత మీదే కోశావా?"

"గీత మీదే కోశాననుకున్నానండి."

దీనమ్మగారు నావైపు తిరిగారు. "కాగితం ఎలా ఉందో అలాగే గీశావా?"

మిషనువాళ్ళ కుట్టు టీచర్ల శిక్షణకి ఆ ఏడు ఒక్క పిల్లని పంపుతామన్నారు. దీనమ్మగారి ఉత్తరం ఉంటే చాలు. మా నాన్న లేడు. మా అమ్మ ఆ ఉత్తరం కోసం ప్రార్థన చేస్తోంది. ఇవన్నీ ఒక్క క్షణంలో నా తలలో తిరిగాయో, లేక తరవాత నాకు నేను చెప్పుకున్నానో తెలియదు. "అలాగే గీశానండి" అన్నాను. సుద్దగీత కోతలో పోయింది. ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు.

రాహేలక్కని ఆ సాయంత్రమే పంపేశారు. తన గిన్నె, తన చీర మూటగట్టుకుని, గేటు దగ్గర నాతో, "రాత్రి జ్వరంగా ఉండిందే. కళ్ళు మసకేశాయేమో" అంది. నేను తల ఊపాను.

దీనమ్మగారు ఆ కోటు భుజాలు రెండూ విప్పేశారు. బెల్టుకని ఉంచిన గుడ్డ తీసి, వీపుమీదుగా రెండు భుజాల పైన అడ్డంగా ఒక పట్టీ వేశారు. ఎడమవైపు కొంచెం వెడల్పు, చూసేవాళ్ళకి తెలియనంత. బెల్టు లేని కోటు, భుజాల మీద పట్టీ. డాక్టరమ్మ అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకున్నారు. ఆవిడ ఇంగ్లండు నుంచి ఫోటో పంపితే, దాన్ని చూసి మద్రాసు నుంచీ రాయవెల్లూరు నుంచీ ఉత్తరాలు వచ్చాయి, పట్టీ కోటే కావాలని. ఆరేడేళ్ళు ఆవిడకి తీరికలేదు. విదేశాలకి వెళ్ళే నర్సులు ఓడ టికెట్టు తరవాత చూసుకునేది దీనా కోటే. ఆ తరవాత అక్కడే కొనుక్కోవచ్చని వాళ్ళకి తెలిసింది. ప్యాంట్లు వచ్చాయి. దీనమ్మగారు మళ్ళీ గౌన్లకి, బడి యూనిఫారాలకి దిగారు. చివరిరోజుల్లో చూపు తగ్గాక గుడ్డని చెంపకి ఆనించుకుని రకం చెప్పేవారు. ఆవిడ సమాధి రోజున, మే నెల ఎండలో, ఎవరూ చెప్పకుండానే కొందరు ముసలి నర్సమ్మలు చేతిమీద కోట్లు వేసుకుని వచ్చారు. నేనప్పటికి టీచర్ని. ఆ కోట్ల మధ్య నిలబడి, కీడు మేలయింది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నా సాక్ష్యం అక్కడ పుట్టింది.

రాహేలక్క కలిసిన మర్నాడే, శనివారం, మా అమ్మాయి నన్ను ఖోర్ ఫక్కాన్ తీసుకెళ్ళింది. దారిపొడుగునా ఒట్టి రాతికొండలు, వాటి కడుపులోంచి సొరంగాలు. ఒక సొరంగం చీకటిలోంచి బయటపడగానే ఉన్నట్టుండి సముద్రం. పక్కనే కొండ, కొండ కింద ఓడరేవు క్రేన్లు. నాకు ఒక నిమిషం ఏ ఊళ్ళో ఉన్నానో తెలియలేదు. సముద్రపొడ్డున సిమెంటు బల్లమీద రాహేలక్క కూర్చుని ఉంది. ప్రకాష్ మా ఇద్దరికీ రెండు కాగితపు కప్పుల్లో చాయ్ తెచ్చాడు.

"అమ్మమ్మా, డ్యూటీకి టైమైంది. పనిలో మా ముదీర్ ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆంటీ ఉన్నారుగా, ఖలాస్, నాకు బెంగలేదు," అని వెళ్ళిపోయాడు. మా అమ్మాయి పిల్లలతో నీళ్ళదగ్గరికి నడిచింది.

"అచ్చం మన ఊరిలాగుంది కదే," అంది రాహేలక్క.

"అక్కా, ఆ కోటు నువ్వు తప్పు కొయ్యలేదు."

"ఏటి?"

"గీతే తప్పు. కాగితం మీద ఎడమభుజం ఎత్తుగా ఉంటే, అమ్మగారు పొరబడ్డారనుకుని దించి గీశాను. తరవాత అడిగితే సరిగ్గానే గీశానని చెప్పాను."

ఆమె చాయ్ కప్పు బల్లమీద పెట్టింది. "ఎంత దించావు?"

"అరంగుళం."

ఆమె బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా పెట్టి, మధ్యలో ఆ అరంగుళాన్ని పట్టుకుని చూసింది. ఆ ఎడంలోంచి నాకు సముద్రం ముక్క ఒకటి కనబడుతోంది.

"అయితే నేను గీత మీదే కోశానన్నమాట."

"దారమంత కూడా పక్కకి పోలేదక్కా."

"హాస్పిటల్ బట్టలుతికే చోట ముప్ఫై ఏళ్ళు చేశాను," అంది ఆమె. గొంతులో కోపం లేదు, ఎవరి గురించో చెబుతున్నట్టుంది. "దుప్పట్లు మడతపెట్టడం. మళ్ళీ కత్తెర ముట్టలేదు. నా ముగ్గురాడపిల్లల జాకెట్లు కూడా బయట కుట్టించాను. ఇంట్లో కుట్టుమిషను కొందామని మీ బావ అంటే వద్దన్నాను. నా చెయ్యి మంచిది కాదు, నమ్మకూడదు అనుకున్నాను. పెద్దమ్మాయి అంటుంది, అమ్మా, నువ్వు గుడ్డ పట్టుకునే తీరు చూస్తే దర్జీలా ఉంటావని. కసిరేదాన్ని."

నాకు అలవాటైన మాటే నోటికొచ్చింది. "దేవుడు దాన్ని మేలుగానే..."

"ఆగు." ఆమె చేతికర్ర నేలమీద ఆనించింది. "మేలు చేసింది దేవుడు. నువ్వు చేసింది ఏటో అది చెప్పు. గోతిలో పడినోడు అన్నాడే ఆ మాట, తోసినోళ్ళు అనలేదు. అంటే గింటే నేననాలి. నాకింకా అనాలని లేదు."

నేను నలభై ఏళ్ళుగా ఆ అధ్యాయం ఆడవాళ్ళ కూటాల్లో బోధిస్తున్నాను. ఆ మాట ఎవరి నోటినుంచి వచ్చిందో పిల్లలకి ప్రశ్నగా వేశాను. నేను ఎవరి పక్కన నిలబడి దాన్ని పలుకుతున్నానో మాత్రం ఎన్నడూ చూసుకోలేదు.

"నన్ను క్షమించక్కా."

"ఇక్కడ అడుగుతావేటే? సముద్రం వింటుందా? అంతమంది ముందు నిలబెట్టి తప్పు కోసిన పిల్లని చేశావు. అంతమంది ముందే చెప్పు. పేరుతో చెప్పు. ఈసారి కాపాడక్కర్లేదు."

తిరుగు దారిలో మా అమ్మాయి, "ఏంటమ్మా, అలా ఉన్నావు?" అంది. చెప్పాను. అది బండి వేగం తగ్గించింది. తరవాత, "సంఘంలో చెప్పక తప్పదా? అందరూ నిన్ను ఎంతో..." అని ఆగిపోయింది. ఆ ఆగిపోయిన మాట ఏమిటో నాకు తెలుసు. సంఘంలో నన్ను తల్లిలా చూస్తారు. కష్టమొస్తే ప్రార్థనకి నా దగ్గరికే వస్తారు. పనిలో పెట్టుకున్న కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వడంలేదని ఏడ్చినవాళ్ళకి, అబద్ధం చెప్పైనా బయటపడాలా అని అడిగినవాళ్ళకి, సత్యంలో నిలబడమని చెప్పినదాన్ని.

ఆ వారం సాయంత్రాలు ఇంటికింద నడుస్తూ ఇక్కడి ఆడవాళ్ళు వేసుకునే అబాయాలు కుట్టే కొట్ల ముందు ఆగేదాన్ని. వరసగా నల్లగుడ్డలు, వాటి ముందు వంచిన తలలు. ఇప్పుడు నమూనా కంప్యూటరు గీస్తుంది, ఒకే కోతలో ముప్ఫై భుజాలు తెగుతాయి. తప్పు జరిగితే యంత్రానిది అంటారు, సర్దుకుంటారు, ఎవరినీ మూటతో గేటు దాటించరు. దీనమ్మగారి ఇంట్లో ప్రతి కోతకీ ఒక పేరు ఉండేది. ఆ పద్ధతి కఠినమే. కానీ నేను ఆ పద్ధతి వల్ల కాదు, ఆ పద్ధతి వెనక దాక్కోవడం వల్ల పాపం చేశాను. అప్పటి రోజులే మంచివని ఎందరితోనో అన్నాను. ఆ రోజులు నాకు మంచివి. అంతే.

శుక్రవారం పాస్టరుగారు పిలవకముందే లేచాను. రాహేలక్క మూడో వరసలో కూర్చుని ఉంది. "నేను మీ అందరికీ పోయినవారం చెప్పిన సాక్ష్యంలో ఒక అబద్ధం ఉంది" అని మొదలుపెట్టాను. అరంగుళం సంగతి, అడిగితే నేనిచ్చిన జవాబు, ఉత్తరం సంగతి, శిక్షణకి నేను వెళ్ళడం, ఆమె బట్టలు ఉతికేచోటికి వెళ్ళడం, అన్నీ చెప్పాను. "తప్పు కోసిన పిల్ల ఎవరూ లేరు. కోసింది రాహేలమ్మ. గీత మీదే కోసింది. తప్పు గీసింది, అబద్ధం చెప్పింది నేను." గోతిలో పడిన తమ్ముడి కథ చెప్పలేదు. వెనక ఎవరో స్తోత్రం అనబోయి ఆగిపోయారు. ఆమెన్ రాలేదు. నేను కూర్చున్నాను. పక్కకుర్చీలో ఉన్నావిడ, ప్రతివారం నా చెయ్యి పట్టుకునేదే, ఆ రోజు పట్టుకోలేదు.

కూటం అయ్యాక ఎవరూ నా దగ్గరికి రాలేదు. కొంచెంసేపు అక్కడే తలవంచుకుని కూర్చున్నాను. వెనకనుంచి మాటలు వినిపించి తిరిగి చూస్తే, రాహేలక్క చుట్టూ ఆడవాళ్ళు చేరి ఉన్నారు. పాలకొల్లు నుంచి వచ్చి ఒక అరబ్బు ఇంట్లో పనిచేసే నాగమణి, సెలవురోజుల్లో తోటివాళ్ళకి జాకెట్లు కుట్టిపెట్టే పిల్ల, అడుగుతోంది. "అమ్మమ్మగారూ, అంటే ఆ ఎడమ భుజం ఎత్తు ఎందుకండీ?"

రాహేలక్క నాగమణి చున్నీ తీసి మడతలు పెట్టి, ఆ పిల్ల ఎడమ భుజం మీద వేసి, పైన అరచెయ్యి ఆనించింది. "ఇదిగో, ఇక్కడ చూడు. గుడ్డ ఎంత లేచిందో నా చెయ్యి అంతే లేవాలి కదా? కోటు కూడా అంతే. వారమంతా పడుకుని ఇదే ఆలోచించాను. ఒక్క భుజమే ఎత్తితే చాలదే. వెనక మెడ దగ్గర కూడా ఎడమపక్క పావంగుళం ఎక్కువ వదలాలి. పమిట బరువు వెనక్కి లాగుతుంది. వదలకపోతే నడిచేటప్పుడు కాలరు వెనక్కి జారుతుంది."

నేను లేచి నిలబడ్డాను. ఆ కాలరు వెనక్కి జారడం నాకు తెలుసు. దీనమ్మగారికీ తెలుసు. ఆవిడ చివరిదాకా లోపల ఒక కుట్టు వేసి దాన్ని ఆపుకుంటూ వచ్చారు, కారణం దొరకలేదు. నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి ఆ కుట్టే నేర్పాను.

"గీత ఎవరు గీసిచ్చినా," అంటోంది రాహేలక్క, "ఎంత చదువుకున్నది గీసిచ్చినా, కోసేముందు నువ్వు మళ్ళీ కొలుచుకో." ఆడవాళ్ళు నవ్వారు. నాగమణి నన్ను చూసి, నవ్వాలో వద్దో తెలియక తల దించుకుంది.

నేను దగ్గరికి వెళ్ళాను. "అక్కా, ఆ వెనక మెడ పావంగుళం ఎక్కడినుంచి కొలవాలి?"

ఆమె నావైపు చూసింది. చున్నీ మడతలు నాగమణి భుజం మీద అలాగే ఉన్నాయి.

"చెబుతాను," అంది. "ముందు ఆ కుర్చీ ఇలా లాక్కుని కూర్చో."